అడ్డుచెక్క

మేస్త్రి అడ్డుచెక్క చేతపట్టుకుని షెడ్డులోంచి బయటికి వచ్చేసరికే మాడువాసన తగిలింది. టైలరమ్మ కారు ఇంకా వీధి మలుపు కూడా తిరగలేదు. అయినా ఆయన ముక్కుకి తెలిసిపోయింది. ఇంజిన్ మీద నూనె కారిన వాసన కాదది. పట్టు వదలని బ్రేకు రాసుకుని రాసుకుని మాడే వాసన. ముప్పూటలా బ్రేకుల మధ్యే బతికిన మనిషికి ఆ మాత్రం తెలియకపోతే ఎలా?

కారు మూలుగుతూ వాలు ఎక్కి కుట్టుదుకాణం ముందు ఆగింది. వెనక కుడి చక్రం నుంచి సన్నగా పొగ. వెనక సీటు తీసేసిన చోట కుట్టుమిషను దుప్పట్లో చుట్టి ఉంది. మేస్త్రి వంగి, అలవాటు ప్రకారం, ఎడమ చక్రం వెనక చెక్క దోపాడు.

ఆ వీధి మొత్తం ఏటవాలే. పై గట్టున ఆవిడ దుకాణం, ఎదురుగా ఈయన బ్రేకుల షెడ్డు. పొద్దున ఆవిడ కారు ఆపగానే వెళ్ళి చక్రం వెనక చెక్క పెట్టడం, సాయంత్రం ఆవిడ తాళం వేసుకోగానే వెళ్ళి తీయడం, ఏళ్ళ తరబడి ఇదే ఆయన తంతు. పోయిన వానాకాలంలో జ్వరంతో మంచం దిగలేకపోయిన ఒక్క రోజు తప్ప మానింది లేదు. పోయిన భర్త పాత కారులోనే ఆవిడ బట్టల మూటలు వేసుకుని ఈ వీధికి వచ్చింది. అప్పట్లో చేతిబ్రేకు నిజంగానే పట్టేది కాదు. మేస్త్రి గట్టి కర్రముక్క వెతికి, ఏటవాలుగా కోసి, అరచేతికి గుచ్చుకోకుండా అంచులు నున్నగా చిత్రిక పట్టి ఇచ్చాడు. తర్వాత బ్రేకు కూడా బాగుచేశాడు. "ఇంక చెక్కతో పని లేదాండీ?" అని ఆవిడ అడిగితే, "ఉండనివ్వండి, చేతిబ్రేకుని నమ్మడానికి లేదు," అన్నాడు. ఆ అబద్ధమే ఆయనకి పొద్దునొక పలకరింపు, సాయంత్రమొక పలకరింపు సంపాదించి పెట్టింది.

వీధిలో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. ఇంట్లో అక్క మాత్రం ఎప్పుడో పట్టేసింది. "ఊళ్ళో ఎవరికీ ఊడని గుండీలు నీ చొక్కాలకే ఎందుకు ఊడతాయిరా?" అని ఏడిపించేది. ఈ ఉదయం మాత్రం ఏడిపించలేదు. ఇస్త్రీ చొక్కా చేతికిస్తూ, "ఇవాళ వెళ్ళిపోతోందటగా. ఇవాళైనా నోరు విప్పు, నాయనా," అంది.

టైలరమ్మ చెల్లెలికి చూపు మందగిస్తోంది, దగ్గర ఉండి చూసుకునేవాళ్ళు లేరు. అందుకని ఆవిడ చెల్లెలి ఊరికే మకాం మార్చేస్తోంది. మేస్త్రి దారి పొడుగునా ఒక్క వాక్యమే వల్లెవేసుకున్నాడు: మీ చెల్లెల్ని ఇక్కడికే తీసుకురండి, మా ఇంట్లో చోటుంది. ఎంత చిన్న మాట! కానీ నాలుక మీదికి రావాలిగా.

టైలరమ్మ దుకాణంలోంచి చెంబుతో నీళ్ళు పట్టుకుని హడావిడిగా వచ్చింది.

"పొయ్యకండి," అన్నాడు మేస్త్రి. "కాలిన బ్రేకు డ్రమ్ము పగిలిపోతుంది. దానంతటదే చల్లారాలి."

ఒక్కో చక్రం దగ్గరా అరచెయ్యి తాకించకుండా పట్టి చూశాడు. మూడూ మామూలుగానే ఉన్నాయి. నాలుగోది సెగలు కక్కుతోంది.

"పొద్దున చేతిబ్రేకు లాగారా?"

"మీరింకా రాలేదు కదండీ. మిషను ఎక్కించాలి కదా అని లాగాను. తర్వాత ఇంటికెళ్ళి పెట్టె తెచ్చుకునేసరికి ఈ వాసన."

పిడి దించినా కేబులు వెనక్కి జారలేదన్నమాట. వాడకపోతే లోపల తుప్పు పట్టదూ? వాడొద్దన్నది ఎవరు మరి? మేస్త్రి చెవులు వేడెక్కాయి.

చల్లారేదాకా ఇద్దరూ దుకాణం మెట్ల మీద కూర్చున్నారు. లోపల గోడకి కత్తెర తగిలించే మేకు ఒక్కటే మిగిలింది. ఆవిడ జుట్టులో చిన్న తెల్లదారం చిక్కుకుని ఉంది. తీసేయాలని ఆయనకి మనసు లాగింది. బాగుచేయడానికి వారం రోజులు పడుతుందండీ అంటే చాలు, ఆవిడ ఆగిపోతుంది. ఆయన మాట మీద ఆవిడకి అంత గురి. అక్కడ కళ్ళు సరిగా కనపడని మనిషి గుమ్మంలో కూర్చుని ఎదురుచూస్తూ ఉంటుందని గుర్తొచ్చి ఆ మాట మింగేశాడు. దారంతా వల్లెవేసుకున్న మాట ఒక్కటే మిగిలింది.

"మీ చెల్లెల్ని..." అన్నాడు.

ఆవిడ చటుక్కున తిరిగి చూసింది.

"మీ చెల్లెల్ని అడిగానని చెప్పండి."

"చెప్తానండీ," అంది ఆవిడ, మళ్ళీ చక్రం వైపు తిరిగి.

చక్రం చల్లబడింది. జాకీ ఎత్తి తిప్పితే కదల్లేదు. కేబులు వదులు చేయగానే గిర్రున తిరిగింది. ఇంక అనుమానం లేదు. మేస్త్రి షెడ్డులోంచి కొత్త కేబులు తెచ్చి వేశాడు. డ్రమ్ము విప్పి, మాడి నున్నబడ్డ బ్రేకు షూలు తీసేసి కొత్తవి బిగించాడు. స్ప్రింగులు లాగి చూశాడు, కదిలే చోటల్లా కొంచెం గ్రీజు రాశాడు. ఆవిడని పంపించేసే పనిని ఆయన జన్మలో చేయనంత శ్రద్ధగా చేశాడు. తర్వాత చేతిబ్రేకు లాగి, చెక్క పక్కకి తీసి, వాలు మీద కారుని వదిలాడు. అంగుళం జారలేదు. పిడి దించితే వెంటనే వదిలేసింది.

"ఇంక దీన్ని నమ్మొచ్చు," అన్నాడు చేతులు తుడుచుకుంటూ.

"అప్పుడు కూడా నమ్మొచ్చు కదండీ," అంది టైలరమ్మ. గొంతులో కోపం లేదు. "మీకు జ్వరమొచ్చిన రోజు లాగి చూశాను. బ్రహ్మాండంగా పట్టింది."

మేస్త్రికి గుడ్డ మీద చెయ్యి ఆగిపోయింది. "మరి చెప్పలేదే?"

"చెప్తే మర్నాటి నుంచి వచ్చేవారా? ఎప్పటికైనా మీరే ఏదో ఒకటి అంటారని చూశాను."

ఇంతకంటే ఏం కావాలి మనిషికి? ఆయన గబగబా వంగి అడ్డుచెక్క తీసి, దుమ్ము దులిపి, రెండు చేతులా ఆవిడకి అందించాడు.

"ఇది ఉంచుకోండి."

ఆవిడ అందుకుంది. బొటనవేలితో దాని నున్నటి అంచు మెల్లగా తడిమింది. తర్వాత అది ఎప్పుడూ ఉండే చోటే, వాలు మీద, జాగ్రత్తగా పెట్టింది.

"అక్కడంతా చదునేనండీ," అంది.

కారు ఏ వాసనా లేకుండా, ఏ మూలుగూ లేకుండా వాలు దిగి, మలుపు తిరిగిపోయింది. సాయంత్రం వేళకి మేస్త్రి అలవాటు కొద్దీ రోడ్డు దాటి ఎదటికి వచ్చి నిలబడ్డాడు. మూసిన తలుపు ముందు, ఏ చక్రానికీ అడ్డం లేకుండా, ఒక పక్క టైరు గీతల అచ్చు పడిన చెక్క ఉంది.