పెన్సిలుతో నేర్పిన కంప్యూటర్

నేను ఒక కంప్యూటర్‌ని. ఆ మాట నేనే చెప్పుకోవాలి. ఈ యూనివర్సిటీ కామర్స్ డిపార్ట్‌మెంట్‌లో నన్ను చూసినవాళ్లెవరూ అలా అనుకోరు. ఫ్యాక్టరీలో నన్ను బిగించి, పరీక్షించి, బాగా పనిచేస్తుందని పంపారు. ఇక్కడేమో రిబ్బన్ కత్తిరించారు, ఫొటోలు దిగారు, ముసుగు కప్పి గదికి తాళం వేశారు. దసరాకి బొట్టు పెడతారు. తనిఖీ కమిటీ వస్తే ముసుగు తీస్తారు. ఛీ, ఇదీ ఒక బతుకేనా!

మరి ఎం.కాం. పిల్లలకి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఎలా నేర్పుతారంటారా? బొమ్మ గీయిస్తారు! నా తెరని పెన్సిలుతో, స్కేలుతో ప్రాక్టికల్ రికార్డులో గీయాలి. ఎప్పుడో ఒక సీనియర్ గీసింది చూసి తర్వాతివాళ్లు, వాళ్లది చూసి వీళ్లు. గీత వంకరపోతే మార్కులు కోస్తారు. నన్ను ముట్టుకోకపోతే మాత్రం ఒక్క మార్కూ పోదు.

ఆ క్లాసులో సుమలత బొమ్మలు చక్కగా గీసేది. ప్రాక్టికల్స్‌లో ఆమే ఫస్టు. ఒకసారి గుమ్మం దగ్గర నిలబడి, "ఒక్కసారి టైప్ చేసి చూస్త సార్" అని బతిమాలింది.

డిపార్ట్‌మెంట్ హెడ్ దామోదరాచారి సారు చేయి అడ్డం పెట్టాడు. "వద్దు బిడ్డా, ఖరాబైతది."

చివరి పరీక్షలయ్యాక ఉద్యోగాలిస్తామని ఒక కంపెనీవాళ్లు మా గదికే వచ్చారు. నడుం పట్టేసి వాళ్ల నాన్న హమాలీ పని మానేశాక, సుమలత ఇంటికి ఇక ఆమె తేబోయే జీతమే దిక్కు. నోటితో అడిగినవాటికి టకటకా జవాబులు చెప్పింది. తర్వాత నా ముందు కూర్చోబెట్టి, "ఒక అమ్మకం ఎంట్రీ చేసి చూపించమ్మా" అన్నారు. ఆ పిల్ల మౌస్‌ని, గీత గీసేటప్పుడు స్కేలుని అదిమినట్టు అదిమి పట్టుకుంది. తెర మీద తను గీసిన గడులు లేవు. ఆ బొమ్మ నేను రాకముందే మారిపోయిన పాత సాఫ్ట్‌వేర్‌ది.

"గిది మా రికార్డుల లేదు సార్" అంది ఏడుపు గొంతుతో.

ఎవరినీ తీసుకోకుండానే వాళ్లు లేచారు. సాగనంపుతూ సారు, "మా సిస్టమే సరిగ లేదండీ" అన్నాడు. నేనా? సరిగా లేనిది నేనా? నాకు ఒళ్లు మండిపోయింది.

ఆయన తిరిగొచ్చేసరికి సుమలత నా ముందే కూర్చుని ఉంది.

"లే బిడ్డా, గది మూస్త."

"లెవ్వను సార్. నేర్సుకునే లేస్త."

"పరీక్షలైపోయినయ్ గద, ఇప్పుడు నేర్సుకొని ఏం జేస్తవ్?"

పాఠాలు చెప్పే మనిషి అడగాల్సిన మాటేనా అది! నాకు నోరుంటే గది దద్దరిల్లేది.

సుమలత కళ్లు తుడుచుకుని కుర్చీ ముందుకు లాక్కుంది. "అమ్మకం ఎంట్రీ యాడ కొట్టాలె సార్? మీరే ఒక్కటి చూపెట్టుండ్రి."

సారు నా మీదకి వంగాడు. ఆయన వేలు కీబోర్డు పైన గాల్లోనే ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఆయనా నన్ను ముట్టుకోలేదు.