వాలిన బండి, దగ్గే కుళాయి

వంటింటి కుళాయి ధారగా పోస్తోంది. నాలుగడుగుల అవతల స్నానాలగది కుళాయి మాత్రం రెండు చుక్కలు రాల్చి, నాలాగే దగ్గి, ఊరుకుంటోంది. మాది చక్రాల మీది ఇల్లు. మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు అన్నీ ఒక్క వ్యానులోనే. రెండేళ్లుగా ఈ ఖాళీ స్థలంలోంచి కదల్లేదు.

రేపు పొద్దున మా అమ్మాయి వస్తోంది. ఫోనులోనే తీర్పు చెప్పేసింది.

"నాన్నా, ఈసారి కూడా స్నానానికి నీళ్లు రాకపోతే బండి అమ్మేద్దాం. నువ్వు నాతో వచ్చేయ్. ఇంక మాట్లాడకు."

అన్నదంటే చేస్తుంది. వాళ్లమ్మ పోలిక.

కుళాయి మూతి విప్పి జాలీ కడిగాను. అందులో దొరికిన ఇసుకతో గోడ కట్టొచ్చు. నమ్మకపోతే అరగోడ అనుకోండి. ఫిల్టరు మార్చాను. పైపు ఎక్కడైనా మడత పడిందేమోనని మంచం కిందికి పాకాను. పాకడం వచ్చింది గానీ బయటికి రావడం చేతకాలేదు. ఎవరినైనా కేకేద్దామని నోరు తెరిచి, ఎవరున్నారని మళ్లీ మూసుకున్నాను. అరగంటకి నడుమే దయతలచి వదిలింది.

ఇక మెకానిక్కుకి ఫోన్ చేశాను.

"ఏం తాతా, బతికే ఉన్నావా?"

"నువ్వు బాగుచేసిన బండిలో ఉంటూ కూడా బతికే ఉన్నాన్రా, చూడు నా గట్టితనం."

కుళాయి గోడు విని, "ట్యాంకులో నీళ్లెంత?" అన్నాడు.

"సగం. నిండా మోసే ఓపిక లేదు."

"నిండుగా ఉన్నప్పుడు?"

"రెండూ బాగానే వచ్చేవి."

"బల్ల మీద ఓ పెన్సిలు పెట్టు."

పెట్టాను. ఎవరో పిలిచినట్టు ఎడమవైపు పరుగెత్తి కింద పడింది.

"బండి వాలింది తాతా. నీళ్లు లాగే గొట్టం ట్యాంకుకి కుడి మూలన ఉంటుంది. నీళ్లన్నీ ఎడమకి పోతే పంపు గాలి తాగుతుంది. దగ్గరి కుళాయికి ఎలాగో నెట్టుకొస్తుంది, దూరపుదానికి దమ్ము చాలదు. ఇన్నాళ్లూ తెలియలేదా?"

"నేనే ఒరిగిపోయాననుకున్నాన్రా."

వాడు పగలబడి నవ్వాడు. నేను నిజమే చెప్పాను.

"రేపటికి ట్యాంకు నింపేసి ఊరుకుంటే?"

"ఒక్క స్నానం గడుస్తుంది. సాయంత్రానికి మీ అమ్మాయి పట్టేస్తుంది. ఎడమ చక్రాల ముందు చెక్క పలకలు వేసి, వాటి మీదికి ఎక్కించు. రెండడుగులు తోలితే చాలు."

రెండడుగులే. కానీ ఈ బండి తోలింది ఎప్పుడూ మా ఆవిడే. తోలడం నాకూ వచ్చు. ఆవిడ ఇవ్వలేదు, నేను అడగలేదు. ఆవిడ వెనక్కి తోలితే ఇంత బండీ పిచ్చుక గూట్లో పట్టేది, పిచ్చుక నిద్ర చెడకుండా. ఎక్కడ ఆపినా దిగి నేల చూసి నా చేత పలకలు వేయించేది. ఇక్కడ మాత్రం "ఒక్క రాత్రే కదా, పొద్దున్నే పోదాం" అంది. పొద్దున్నే ఆస్పత్రికి పోయింది. తిరిగి రాలేదు.

అప్పటినుంచీ బ్యాటరీ దిగిపోకుండా వారానికోసారి పక్క సీట్లో కూర్చుని, చెయ్యి చాపి తాళం తిప్పి ఇంజను ఆడిస్తున్నాను. ఆవిడ సీట్లో కూర్చోలేదు.

పలకలు వేసి, ఎక్కి కూర్చున్నాను. ఆవిడ పొట్టి మనిషి. సీటు స్టీరింగుకి అతుక్కుని ఉంది. నా మోకాళ్లు గడ్డానికి తగిలాయి. అలాగే తోలేద్దామనుకున్నాను. కాలు బ్రేకు మీదికి రాలేదు.

సీటు కింద పిడి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

"కాస్త జరగవే," అన్నాను.

కిర్రుమంటూ జరిగింది.

బండి పలకలెక్కింది. స్నానాలగది కుళాయి మూడుసార్లు దగ్గి, గొంతు సవరించుకుని ధార కట్టింది. అమ్మాయికి ఫోన్ చేశాను.

"నీళ్లొస్తున్నాయమ్మా. బండి వాలింది, సరిచేశాను."

"ఎవరు తోలారు?"

"నేనే."



"అమ్మ సీటు జరిపావా నాన్నా?"

"జరపక తప్పలేదు."

"సరే," అంది. "బండి అమ్మొద్దులే. అక్కడే ఉండు."

ఫోను పెట్టేసింది. నీళ్లు ఇంకా పోతూనే ఉన్నాయి. ట్యాంకులో ఉన్నది సగమేనని తెలిసీ కాసేపు కుళాయి కట్టేయలేదు.