కేబుల్ మీద కుంకుమ

నేను ఒక హార్డ్ డిస్కుని. మూతవేసిన పెట్టెలో నిమిషానికి ఏడువేల సార్లు తిరుగుతూ ఎవరెవరి పెళ్ళిళ్ళనో కలగన్నదాన్ని. నన్ను చేసిన చోట గాలిలో దుమ్ముకణం కూడా ఉండేది కాదు. అక్కణ్ణుంచి చేతులు మారి మారి తణుకులో ఒక వీడియో మిక్సింగ్ షాపుకి చేరాను.

అక్కడ నాతో పనిచేసేది పద్మలత. చదువు తొమ్మిదిలోనే ఆగిపోయింది. మూడేళ్ళ హారికకి తల్లి. ఒక చేత్తో మౌసు, ఇంకో చేత్తో అన్నం ముద్ద. ఒకసారి తనంతట తను తింటుంటే బిడ్డకి ముద్ద గొంతుకి అడ్డం పడిందట. అప్పట్నుంచి ప్రతి ముద్దా తనే పెట్టేది.

మా లోపలి సంగతి చెప్పాలి. బొమ్మల్ని నేను నేరుగా మెమరీకి పంపేస్తే, ప్రాసెసరు పెద్దాయన తన పని తను చూసుకుంటాడు. దాన్ని డీఎంఏ అంటారు. పీఐవో అని ఇంకో పద్ధతుంది. అందులో ప్రతి పిడికెడూ ఆయనే వచ్చి మోసుకెళ్ళాలి. అది కాలవ పారడం, ఇది చెంబుతో తోడడం.

ఆ దసరాకి ఆయుధపూజ చేశారు. ఓనరు సూర్యచంద్రరావు గారికి భక్తి ఎక్కువై, కంప్యూటరు పెట్టె మూత తీయించి నా నెత్తినా, కేబుల్ మొదట్లోనూ తడి కుంకుమ బొట్లు పెట్టారు. నాకు బాగానే అనిపించింది. అంతవరకూ నా మొహం ఎవరు చూశారు గనక. కానీ ఆ చెమ్మ పిన్నుల్లోకి దిగింది. పంపిన బొమ్మలు దారిలో చెడిపోయాయి. ఆరు తప్పులు లెక్కపెట్టుకుని కంప్యూటరు నామీద నమ్మకం వదులుకుంది. ఇక చెంబే గతి.

తెరమీద పెళ్ళికూతురు తలంబ్రాలు ఎత్తితే బియ్యం గాల్లోనే ఆగిపోయేది. గంట పని పూట పట్టేది. ఓనరు మాత్రం ఆమెనే అన్నారు. "పిల్లని చంకనేసుకుని చేత్తే ఇలాగే ఉంటది. శుక్రవారానికి ఈ పెళ్ళి అవ్వకపోతే ఇంకోళ్ళని పెట్టుకుంటానమ్మా."

రిపేరు సత్తార్ వచ్చాడు. కుంకుమ చూసి నవ్వుకుని కేబుల్ మార్చాడు. అయినా నాది నత్తనడకే. "ముసల్దయిపోయిందండి, పారేయండి," అని తేల్చేశాడు. నా తిరుగుడు నాకే ఏడుపులా వినిపించింది.

పద్మలత తెర మూలకే చూస్తోంది. ఒక్క ఫైలు కాపీ అవుతుంటే ప్రాసెసరు మీటరు వందకెక్కి కూర్చుంది.

"డిస్కు కాదు సత్తార్ గారూ, ప్రాసెసరు అలిసిపోతంది. ప్రతి ముద్దా దాని చేతే పెట్టిస్తన్నారెవరో."

అతను సెట్టింగు తెరిచాడు. పీఐవో అని ఉంది. కేబుల్ బాగుపడ్డా కంప్యూటరు పాత తప్పులు మరవలేదు. అవన్నీ చెరిపి మళ్ళీ స్టార్ట్ చేశాడు. "ఓసారి భయపడితే దీనికంతేనమ్మా. ఇంక పర్లేదని ఎవరో ఒకళ్ళు చెప్పాలి."

మళ్ళీ కాలవనయ్యాను. ఆగిన బియ్యం పెళ్ళికొడుకు తలమీద రాలింది. పెళ్ళి గురువారానికే అయిపోయింది, పద్మలత ఉద్యోగం నిలిచింది. ఆ మధ్యాహ్నం ఆమె కంచం హారిక ముందు పెట్టి, తన చేతులు ఒళ్ళో గట్టిగా ముడుచుకుని కూర్చుంది. సగం అన్నం చాపమీద పడింది. మిగతా సగం నేరుగా కడుపులోకి వెళ్ళింది.

ఏళ్ళ తరవాత నేను నిజంగానే ఆగిపోయాను. పాతసామాన్లలో వేయకుండా, పద్మలత నన్ను విప్పి, లోపల తిరిగే అద్దంలాంటి నా గుండ్రటి పలకని తన సొంత షాపు కిటికీకి వేలాడదీసింది. పొద్దుటెండ నా మీద పడి గోడంతా తిరుగుతుంటే ఇంకా పనిలోనే ఉన్నాననిపిస్తుంది. దసరాకి ఇప్పుడు కంప్యూటరు పెట్టె మూత మీదే బొట్టు. తన బొట్టు మాత్రం ఆమె నాలో చూసి పెట్టుకుంటుంది. పక్కనే హారిక తన జడ తనే అల్లుకుంటుంది, వంకరగా. తల్లి చెయ్యి సరిచేయబోయి, మధ్యలో ఆగి, ఊరుకుంటుంది.