పడవకు మొదటి దండ

మైపాడులో సరివి తోపు దాటగానే వచ్చే పెంకుటింటి ముందర, ఇసుకలో, మల్లెలు పూస్తాయని చెబితే కొత్తవాళ్లు నవ్వేవారు. నెల్లూరు నుంచి చేపల బేరానికి వచ్చే కామాక్షయ్య అందరికంటే గట్టిగా నవ్వేవాడు. "ఈ ఉప్పుగాలికి తాటాకు దడే నిలవదు, మల్లె నిలస్తాదా అమ్మా?" అనేవాడు. ఆదిశేషమ్మ ఎవరితోనూ వాదించేది కాదు. చైత్రమాసంలో ఒక సాయంకాలం రమ్మని పిలిచేది. వచ్చినవాళ్లకు దడి తలుపు తీసి, తాను పక్కకు తప్పుకొని నిలబడేది. కామాక్షయ్య మాత్రం ఎప్పుడు పిలిచినా బస్సు పోతుందంటూ వెళ్లిపోయేవాడు.

ఆ తోట కోసం ఆమె పన్నెండేళ్లు కష్టపడింది. అల్లూరు వైపు నుంచి వచ్చే గడ్డిబండ్ల వాళ్లను బతిమాలి, బండికో గంపెడు కాలవ ఒండ్రు తెప్పించి ఇసుకలో కలిపింది. పద్నాలుగు మల్లె పొదలు, దడి వెంట కనకాంబరాలు, తూము దగ్గర మరువం. ఆమె భర్త జయరామయ్య ఊరి బడిలో అయ్యవారు. సాయంత్రం అరుగు మీద కూర్చుని పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతుంటే వాసన దానంతటదే వచ్చేది. అది ఎలా వస్తున్నదో ఆయన ఎన్నడూ ఆలోచించలేదు.

పందొమ్మిది వందల అరవై రెండు భాద్రపదంలో నాలుగు రోజుల జ్వరంతో ఆదిశేషమ్మ పోయింది. ఆ సంగతి అడిగినవాళ్లకు ఆయన ఒక్క వాక్యంలో చెప్పి, మరో మాటలోకి వెళ్లిపోయేవాడు.

పోయేముందు ఆమె పొరుగింటి పేరమ్మకు ఒక మాట ఇచ్చి ఉంది. పేరమ్మ మొగుడు చెంచయ్య ఇరవై ఏళ్లు తెప్ప మీద వేటాడి, ఇప్పుడు సొంతానికి పడవ కట్టిస్తున్నాడు. ఆ పల్లెలో కొత్త పడవ సముద్రంలో దిగేముందు దాని ముక్కుకు పసుపు పూసి, బొట్టు పెట్టి, దండ వేస్తారు. మొదటి దండ ఎవరి ఇంటి నుంచి వస్తే ఆ ఇల్లు పడవకు పుట్టిల్లు. "నీ పడవకు పుట్టిల్లు నేనే. ముక్కు మీద నుంచి నీళ్లు తగిలేంత దండ వేస్తా, చూస్తుండు" అన్నది ఆదిశేషమ్మ.

సంక్రాంతి వెళ్లాక పేరమ్మ దడి దగ్గరికి వచ్చి మెల్లగా అన్నది. "ఉగాది పోయిన పదో నాడు పడవ దించతండాం అయ్యోరా. మీరు పూల గురించి దిగులు పెట్టుకోమాకండి. కామాక్షయ్యతో నెల్లూరు నుంచి దండ తెప్పిస్తాం."

"ఎందుకు? తోట ఉంది కదా" అన్నాడు జయరామయ్య.

ఆ ఆదివారమే ఆయన పనిలోకి దిగాడు. ఆమె చేస్తుండగా చూసింది గుర్తు చేసుకుంటూ పొదలకు ఆకు దూశాడు, కొమ్మలు కత్తిరించాడు, పాదులు తవ్వాడు. మాఘం చివరికి పొదల నిండా లేత చిగురు వచ్చింది. చిక్కంతా నీళ్ల దగ్గరే. పెరట్లో ఉన్నది దొరువు, అంటే ఇసుకలో తీసిన మోకాలి లోతు గుంట. ఆదిశేషమ్మ దాని పక్కన కూర్చుని కొబ్బరి చిప్పతో తోడి కడవ నింపేది. ఒక కడవ నిండేసరికి బడి గంట కొట్టే వేళయ్యేది. అంత ఓపిక ఎందుకు పట్టిందో ఆమెకు, అనుకున్నాడు ఆయన. పార తీసుకుని దొరువును ఇంకో రెండు మూరలు లోతు చేశాడు. నీళ్లు నడుముదాకా ఊరాయి. ఆ పూట పొదకు రెండు కడవలు పోసి, చాలా రోజుల తర్వాత ఆకలితో అన్నం తిన్నాడు.

వారం తిరిగేసరికి ఆకుల అంచులు మాడాయి. అప్పుడే కట్టిన మొగ్గలు ముట్టుకుంటే రాలిపోయాయి. ఆయన చిప్పతో ఒక గుక్క నీళ్లు నోట్లో పోసుకుని ఉమ్మేశాడు. ఉప్పు.

పేరమ్మ చూసి నెత్తి కొట్టుకున్నది.

"ఏంది అయ్యోరా ఇది! దొరువును బావి చేసినారే!"

"నీళ్లు చాలలేదు పేరమ్మా."

"చాలకపోతే పక్కన ఇంకోటి తీసుకోవాల. లోతుకు పోతారా ఎవురన్నా? పైనుండేది వాననీళ్లు, కిందుండేది సముద్రం. పైపైన చిప్పతో తీసుకుంటే అదే ఊరతాది. మా పిలకాయలకు పాఠాలు చెప్పేది మీరే గదా!"

"ఈ పాఠం నాకెవరూ చెప్పలేదు."

"అయ్యోరమ్మ చెప్పలేదా?"

ఆయన చేతిలోని చిప్పను అటూ ఇటూ తిప్పాడు. "నేను అడగలేదు" అన్నాడు.

పేరమ్మ గొంతు తగ్గించింది. "పోనీండి. నెల్లూరు దండ ఉండనే ఉండాది."

"వద్దు. మాట ఇచ్చింది ఆమె. దండ ఈ తోటదే."

"మూరెడన్నా వస్తాదో రాదో!"

"వచ్చినంతే కట్టండి."

"సరిపోయింది. అయ్యోరమ్మే మొండిదనుకున్నా" అని ఆమె తమ దొరువులోంచి రెండు కడవలు మంచినీళ్లు తెచ్చి పొదల మొదట్లో కుమ్మరించింది. "ముందు ఆ ఉప్పును కిందికి దిగ్గొట్టండి. ఇంక రోజూ తెస్తాననుకోమాకండి." అన్నదే గానీ రోజూ తెచ్చింది.

ఆయన పాత దొరువును ఇసుకతో పూడ్చాడు. మెరక మీద రెండు కొత్తవి తీశాడు, మోకాలికి మించకుండా. తెల్లవారకముందే లేచి వాటి పక్కన కూర్చునేవాడు. చిప్ప ముంచాలి, ఆగాలి, నీళ్లు తేరుకున్నాక మళ్లీ ముంచాలి. ఆగినప్పుడల్లా తలెత్తితే పొదలు కనిపించేవి. ఏ కొమ్మకు కొత్త ఆకు వేసిందో, ఎక్కడ పురుగు పట్టిందో తెలిసేది. ఆమెకు ఆ ఓపిక ఎందుకు పట్టిందో పదిహేను రోజుల్లో ఆయనకు అర్థమైంది.

మూడు పొదలు చనిపోయాయి. పదకొండు తేరుకున్నాయి. ఉగాది నాటికి ఆ పదకొండూ ఆకు కనబడకుండా మొగ్గ తొడిగాయి.

పడవ దించే ముందటి సాయంకాలం జయరామయ్య ఉతికిన పంచె కట్టుకుని దడి తలుపు తీశాడు. తీసి, పక్కకు తప్పుకొని నిలబడ్డాడు. పేరమ్మ, ఆమె వెంట వచ్చిన పల్లె ఆడవాళ్లు గడపలోనే ఆగిపోయారు. తెల్లటి మొగ్గలు, వాటి వెనక కనకాంబరాల వరస, కిందినుంచి తడి ఇసుక వాసన.

"అయ్యోరమ్మ ఉన్నప్పుడు గూడా ఇంత పూయలేదు" అన్నది ఒకామె.

"పూసింది. నేనే సరిగ్గా చూడలేదు" అన్నాడు ఆయన.

అరటినారతో దండ కట్టారు. మధ్యమధ్య మరువం, మూరకొక కనకాంబరాల గుత్తి. చివరి మొగ్గ కట్టేసరికి తొమ్మిది మూరలయింది.

మర్నాడు ముహూర్తానికి రేవులో ఊరంతా ఉంది. మొదటి బస్సుకు కామాక్షయ్య కూడా దిగాడు. పసుపు పూసిన పడవ ముక్కు దగ్గర నిలబడి పేరమ్మ కేకేసింది. "పుట్టింటోళ్లు ఏరీ? అయ్యోరా, మీరే వెయ్యాల!"

జయరామయ్య దండకు చుట్టిన తడిగుడ్డ విప్పాడు. రాత్రికి రాత్రి మొగ్గలన్నీ విచ్చుకున్నాయి. ముక్కు మీద నుంచి రెండు వైపులా జారవిడిస్తే దండ బాగా కిందికి వచ్చింది గానీ, ఇసుకకు జానెడు పైనే ఆగింది. ఆమె అన్నది నీళ్లు తగిలేంత. ఆయన ఆ జానెడు ఖాళీనే చూస్తూ నిలబడ్డాడు.

చెంచయ్య అరుపందుకోగానే పాతికమంది భుజాలు ఆనించారు. పడవ కదిలింది, ఇసుక మీద జారింది, ముక్కు వంచి అలలోకి దిగింది. అల లేచి ముక్కును కప్పేసి వెనక్కి పోయింది. దండ రెండు కొసల నుంచీ నీళ్లు కారుతున్నాయి.

"తగిలినాయి అయ్యోరా! నీళ్లు తగిలినాయి!" అని పేరమ్మ అందరికంటే గట్టిగా అరిచింది.

కామాక్షయ్య జనాన్ని తోసుకుంటూ ఆయన పక్కకు వచ్చాడు. "ఎక్కడియ్యి అయ్యోరా ఈ పూలు? నెల్లూరు అంగట్లో గూడా ఇట్టాంటి మల్లె ఇంకా దిగలేదే."

"ఆదిశేషమ్మ తోటవి" అన్నాడు జయరామయ్య. తల ఎత్తి, అందరికీ వినబడేలా అన్నాడు.

కామాక్షయ్య కాసేపు పడవ వంకే చూశాడు. "నేను ఈ పొద్దు సాయంత్రం బస్సుకు పోతాలే" అన్నాడు.

"రండి. దడి తలుపు తీసి ఉంచుతాను."