పది నిమిషాల స్టూలు

లిఫ్టులో మూడో నంబరు గుండీ మీద ఆయన తడిగుడ్డ పెట్టి మూడుసార్లు తిప్పాడు. ఆ గుండీ మీది అంకె ఎప్పుడో అరిగిపోయింది. జ్వరాల వార్డూ, పరీక్షల గదీ రెండూ మూడో అంతస్తులోనే ఉండటంతో ఈ ఏడాది ఊరంతా దాన్నే నొక్కింది. తర్వాత రెండు, ఒకటి, సున్నా. తర్వాత తలుపు అంచులు. తర్వాత గోడకున్న ఇనుప కడ్డీ; కాళ్ళు వణికే వాళ్ళంతా పట్టుకునేది దాన్నే. గుడ్డను బకెట్లో పడేసి, మూలనున్న స్టూలు లాగి, సరిగ్గా గుమ్మం మధ్యలో, సగం లోపలా సగం బయటా పెట్టాడు. లిఫ్టు తలుపు మూసుకుంటూ వచ్చి స్టూలుకు తగిలి, మర్యాదగా వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ పోయింది.

పది నిమిషాలు. గుమ్మంలో స్టూలు ఉందంటే లోపల గాలి మారుతోందని లెక్క. ఎవరూ ఎక్కకూడదు.

ఈ చట్టం ఆస్పత్రిది కాదు, ఆయనదే. ఆస్పత్రికి లిఫ్టులు రెండు. రెండోది పాడై నాలుగేళ్ళయింది. దాంట్లో ఇప్పుడు చీపుళ్ళు కాపురముంటున్నాయి. కాబట్టి జ్వరం వాడూ, కాలు విరిగిన వాడూ, కాన్పుకొచ్చిన పిల్లా అందరూ ఒకే పెట్టెలో పైకెళ్ళాలి. ఇది బాగాలేదని, రెండోది బాగుచేయించమని ఆయన పెద్ద డాక్టరు గదికి వెళ్ళి చెప్పాడు. పెద్ద డాక్టరు ఓపిగ్గా విని, ఒక పెద్ద సీసా మందూ, అరడజను గుడ్డలూ ఇప్పించాడు.

"అడిగింది లిఫ్టు, ఇచ్చింది లిక్విడు" అన్నాడాయన బయటికొచ్చి, మూడో అంతస్తు పెద్ద సిస్టరుతో. ఆవిడ మాస్కు వెనకాల నవ్వింది. మాస్కులొచ్చాక నవ్వును కళ్ళ కింద ముడతల్లో వెతుక్కోవాల్సి వస్తోంది.

అందరూ ఆయన్ని లిఫ్టు బాబాయి అంటారు. యాభై ఎనిమిదేళ్ళు. సన్నటి మనిషి, ఖాకీ చొక్కా భుజాల దగ్గర హ్యాంగరుకు తగిలించినట్టు వేలాడుతుంది. ఇరవై ఆరేళ్ళుగా ఇదే పెట్టె, ఇదే స్టూలు. స్టూలుకు మూడు కాళ్ళు, అందులో ఒకటి పొట్టి. దానికి ఎవరో వదిలేసి వెళ్ళిన చంకకర్ర తాలూకు రబ్బరు తొడిగాడు. "నాకంటే ముందు దీనికే వైద్యం జరిగింది" అని చెప్పుకునేవాడు. తోడల్లుడు ఎప్పుడైనా "జీవితంలో పైకి రావాలోయ్" అని ఉపన్యాసం మొదలుపెడితే, "రోజుకి వందసార్లు వస్తున్నానండీ, ఎక్కడా నిలబెట్టడం లేదు" అనేవాడు. కానీ ఆస్పత్రిలో మాత్రం ఎవరినీ "పైకేనా?" అని అడగడు. ఆ మాట రోగికి ఎలా వినిపిస్తుందో ఆయనకు తెలుసు. "ఎన్నో అంతస్తమ్మా?" అంటాడు.

ఇంకో అలవాటుంది. లిఫ్టులో బరువెక్కువైతే గంట మోగుతుంది. లోపలున్న వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, ఎవరూ కదలరు. అప్పుడు దిగేది లిఫ్టు నడపాల్సిన ఈయనే. "మూడు నొక్కండి, నేనొస్తా" అని మెట్లెక్కుతాడు. ఆ ఆస్పత్రిలో అందరికంటే ఎక్కువ మెట్లెక్కినవాడు లిఫ్టు బాబాయే.

ఇవాళ ఆయనకు కాలు నిలవడం లేదు. గడియారం చూడటం, తాళాలు ఈ జేబులోంచి ఆ జేబులోకి మార్చడం, మళ్ళీ చూడటం. తొమ్మిదీ పది. మూడు ఎప్పుడవుతుంది?

మూడింటికి వదిన రావాలి.

వదినంటే పోయిన అన్నగారి భార్య. పక్క గదిలోనే ఉంటుంది. మధ్యలో ఒక్క గోడ. కుట్టుమిషను ఆమె జీవనం. ఆ గోడ అవతల మిషను తిరిగే చప్పుడుతోనే ఆయనకు తెల్లారేది. ఈ జబ్బు మొదలైన నెలలో వీధి మొత్తానికి పాత దుప్పట్లు కత్తిరించి మాస్కులు కుట్టింది. "వీధిలో అందరి మూతులూ మూయించిన దాన్ని నేనొక్కదాన్నే" అని గొప్పలు పోయేది. నాలుగు రోజులుగా మిషను చప్పుడు లేదు. దగ్గు వినిపిస్తోంది. నిన్న రాత్రంతా గోడకు చేరబడి కూర్చునే ఉందని, పడుకుంటే ఊపిరాడలేదని, పొద్దున ఆయన భార్య చెప్పింది.

గుమ్మంలోంచే చెప్పి, వంటింట్లోకి వచ్చి గగ్గోలు పెట్టింది. "ఏమండీ, పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతోంది! పొయ్యి పక్కనే కూర్చుని ఏం చేస్తున్నారు?"

"వదిన గురించి ఆలోచిస్తున్నా."

"ముక్కు కూడా ఆలోచిస్తోందా?"

ఆయన గిన్నె దించి, వదిన గుమ్మం ముందుకు వెళ్ళాడు.

"పరీక్ష చేయించుకో వదినా. ఇవాళ నాలుగింటి దాకే. పరీక్ష కిట్లు అయిపోవచ్చాయట, మళ్ళీ శుక్రవారం దాకా పరీక్షల్లేవు."

"శుక్రవారం దాకా నేనుంటే చూద్దాంలే" అంది లోపలి నుంచి. రెండు మాటలకు మధ్య ఊపిరి తీసుకుంది. "మీ ఆస్పత్రికొస్తే లేని జబ్బు కూడా తగిలిస్తారు. తాపీమేస్త్రి కాలు విరిగి వెళ్ళాడు. కాలు బాగయింది, మనిషి పోయాడు. నీ లిఫ్టులోనేగా ఎక్కాడు?"

ఆ మాట వీధంతా అంటోంది. వారం కిందట వీధి చివర మీటింగు పెట్టుకుని, ఎవరూ పరీక్షకు వెళ్ళకూడదని తీర్మానించారు. పాజిటివ్ వస్తే వీధి మొదట్లో అడ్డంగా రేకులు కొడతారు, కూరగాయల బండి రాదు, పనులకు పిలిచేవాళ్ళుండరు. మీటింగుకు పెద్ద మేష్టారు. రిటైరైన లెక్కల మేష్టారు. ముప్పై ఆరేళ్ళు పిల్లలకు పరీక్షలు పెట్టిన మనిషి. "ఇదేం పరీక్షయ్యా, నెగెటివ్ వస్తే నెగ్గినట్టూ, పాజిటివ్ వస్తే పోయినట్టూ! లెక్క తప్పు!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. లిఫ్టు బాబాయి వెనక వరసలో నిలబడి తాళాలు లెక్కపెట్టుకున్నాడు. మేస్త్రిని ఎక్కించింది తనే. దించింది తనే. అప్పటికింకా పది నిమిషాల చట్టం లేదు.

"వదినా, లిఫ్టు నేనే తుడుస్తా. పది నిమిషాలు ఖాళీగా ఉంచుతా. నమ్మకం లేకపోతే మేష్టారిని తెచ్చుకో. ఆయన కళ్ళ ముందే తుడుస్తా."

చాలాసేపు దగ్గు. తర్వాత, "మూడింటికి. ఒక్క నిమిషం అటూ ఇటైనా ఇంటికొచ్చేస్తా మరిదీ. మళ్ళీ అడగొద్దు."

అదీ సంగతి. అందుకే కాలు నిలవడం లేదు.

పన్నెండుకు రొట్టె ముక్క నోట్లో పెట్టుకున్నాడు. అట్టముక్క నమిలినట్టుంది, సగం దాచేశాడు. ఒంటిగంటకు మూడో అంతస్తులో ఒక ముసలాయన్ని దింపి, తిరిగొచ్చేటప్పుడు కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. లిఫ్టు కిందికి దిగుతుంటే తన కడుపు పైనే ఉండిపోయినట్టనిపించింది. స్టూలు మీద కూర్చున్నాడు. కూర్చుంటే కుదరలేదు. లేచాడు. లేస్తే ఆయాసం. వయసు, అనుకున్నాడు. ఈ మధ్య అన్నిటికీ వయసే పూచీ.

రెండూ నలభైకి అంతా సిద్ధం. రెండూ నలభై మూడుకు గేటులోంచి స్ట్రెచరు పరిగెత్తుకొచ్చింది. మీద నీలం దుప్పట్లో ఒక ఆడమనిషి. నోరు తెరిచి గాలి కొరుకుతోంది.

"బాబాయ్, మూడు!" అని అరిచాడు తోసేవాడు.

ఆయన ఒక్క క్షణం గడియారం చూశాడు. సిగ్గేసింది. తలుపు తీశాడు.

తిరిగి కిందికొచ్చేసరికి రెండూ యాభై. గబగబా గుడ్డ తడిపాడు. సీసా వంచాడు, చాలదనిపించి ఇంకా వంచాడు. గుండీలు, అంచులు, కడ్డీ, నేల. చెమట కళ్ళలోకి కారుతోంది. స్టూలు గుమ్మంలో పెట్టి తల ఎత్తేసరికి ఎదురుగా ఇద్దరు. వదిన, చీరకొంగు భుజం చుట్టూ బిగించుకుని, గోడను పట్టుకుని. ఆమెకు నాలుగడుగుల దూరంలో మేష్టారు, రెండు మాస్కులు, వాటి మీద ఒక రుమాలు.

"మూడైంది" అన్నాడు మేష్టారు వాచీ చూపిస్తూ.

"ఇప్పుడే తుడిచానండి. మూడూ పదికి ఎక్కొచ్చు."

మేష్టారు లిఫ్టు వైపు ఒకడుగు వేసి ఎగిరి వెనక్కి గెంతాడు. "అబ్బ! ఏమిటయ్యా ఇది, సీసా మొత్తం పోశావా? మూడు పొరలు దాటి ముక్కు పగిలిపోతోంది! కళ్ళు మండుతున్నాయి!"

వదిన కూడా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. దారిన పోయే ఆయా దగ్గుతూ పరిగెత్తింది.

లిఫ్టు బాబాయి నవ్వబోయి ఆగాడు. చేతిలో గుడ్డ వైపు చూశాడు. వాళ్ళకు వీపు తిప్పి, మాస్కు కిందికి లాగి, గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు.

ఏమీ లేదు. నీళ్ళు వాసన చూసినట్టుంది.

పాలు. రొట్టె. ఆయాసం. ఈ ఏడాది ఆ పెట్టెలో ఎంతమంది చెప్పగా విన్నాడు: ముందు వాసన పోయింది బాబాయ్, తర్వాతే అంతా. ఎప్పటి నుంచి? నిన్నా, మొన్నా? ఎవరెవరు ఎక్కారు? ఆ ముసలాయన. కాన్పుకొచ్చిన పిల్ల. పది నిమిషాలు గాలి మార్చి, మళ్ళీ తనే వెళ్ళి కూర్చున్నాడు.

మాస్కు పైకి లాక్కున్నాడు. తలుపు స్టూలును తాకి వెనక్కి పోతోంది. ఇంకా ఏడు నిమిషాలు. నోరు మూసుకుంటే వదిన ఎక్కుతుంది. నోరు తెరిస్తే మేష్టారు ఆమెను వెనక్కి తీసుకెళ్ళిపోతాడు. నేను చెప్పలేదా, లిఫ్టులోనే ఉంది జబ్బు, అంటాడు. వీధిలో ఇంకెవరూ రారు. శుక్రవారం దాకా వదిన ఉండదు. ఉంటుందేమో. ఉండదు. తాళాలు ఒక జేబులోంచి తీశాడు, రెండో జేబు దొరకలేదు.

"వదినా" అన్నాడు చివరికి. గోడ దాకా వెనక్కి జరిగాడు. "నాకు వాసన తెలీడం లేదు."

మేష్టారు ఇంకో నాలుగడుగులు వెనక్కి వేశాడు. "అదిగో! నేననలేదా! పదమ్మా, ఇంటికి పద! అయినా ప్రతి సోమవారం మీ ఆస్పత్రి వాళ్ళకు పరీక్ష చేస్తారు కదయ్యా, చీటీలిచ్చి మరీ! ఏమయ్యింది నీ చీటీ?"

లిఫ్టు బాబాయి నేల చూశాడు. చీటీ మీద పేరుండదు, నంబరే ఉంటుంది. నాలుగు వారాలుగా ఆయన ఇచ్చేసిన ఆ నంబరుతో వేరే వాళ్ళు పరీక్షలకు వెళ్ళారు. కిందటి సోమవారం వెళ్ళింది మేష్టారి కోడలు. నెలలు నిండిన పిల్ల. పరీక్ష కాగితం లేనిదే కాన్పు చెయ్యం అన్నారట. వీధిలో తెలియకూడదని మేష్టారే చీకటి పడ్డాక వచ్చి, చేతులు పట్టుకుని అడిగాడు.

 మేష్టారికే గుర్తొచ్చింది. రుమాలు సర్దుకున్నాడు. ఇంకెక్కడా సర్దుకోవడానికి ఏమీ లేక వాచీ కూడా సర్దుకున్నాడు.

వదిన ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. గోడ పట్టుకుని నెమ్మదిగా నడిచొచ్చింది.

"అయితే నీకూ ఉందన్నమాట."

"ఉన్నట్టే ఉంది. నువ్వెక్కు వదినా. వేరే వాళ్ళతో మళ్ళీ తుడిపిస్తా. నేను మెట్లెక్కి వస్తా."

"మెట్లా?" ఊపిరి తీసుకుంది. "నీ మొహం చూసుకున్నావా? సున్నం కొట్టినట్టుంది. ఒకే గోడకు అటు నేను దగ్గుతూ, ఇటు నువ్వు. ఇంక ఎవరి నుంచి ఎవరికి భయం? నువ్వు ఎక్కితే నేనెక్కుతా. లేకపోతే ఇద్దరం ఇంటికి పోదాం."

"వదినా..."

"జరుపు ఆ స్టూలు."

ఆయన వంగి స్టూలు బయటికి లాగి గోడ వారన పెట్టాడు. లిఫ్టు నేల మీద దూరం కోసం వేసిన నాలుగు పసుపు గుండ్రాలున్నాయి. ఆమె ఒక దాంట్లో నిలబడింది. ఆయన గుండీల దగ్గరికి వెళ్ళబోతే, "అక్కడ నిలబడు" అని ఎదురు గుండ్రం చూపించింది. ఇరవై ఆరేళ్ళలో ఆ వైపు నుంచి ఆ పెట్టెను ఆయన ఎప్పుడూ చూడలేదు. పైకప్పు మూల బూజు ఉంది. దులపాలి.

"ఎన్నో అంతస్తు బాబూ?" అంది వదిన, అచ్చం ఆయన గొంతుతో.

"మూడమ్మా" అన్నాడాయన.

అంకె లేని గుండీని ఆమె నొక్కింది.

పైన పెద్ద సిస్టరు ఇద్దరి వేళ్ళకూ ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టింది. వదినది ఎనభై తొమ్మిది చూపించింది. ఆయనది చూసి, క్లిప్పు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టింది. డెబ్బై నాలుగు.

"బాబాయ్! ఇన్నాళ్ళూ ఎలా నడిచావు?"

"నడవలేదమ్మా. లిఫ్టులో తిరిగా."

మంచం చూపిస్తే కూర్చోలేదు. "ఒక్క నిమిషం, కిందికెళ్ళొస్తా. మేమిద్దరం ఎక్కాం కదా, ఎవరూ తుడవలేదు" అన్నాడు. సిస్టరు భుజం పట్టుకుంది. ఆయన విడిపించుకుని మెట్ల కడ్డీ దాకా వెళ్ళి, కిందికి వంగి, ఉన్న ఊపిరంతా పెట్టి పిలిచాడు.

"మేష్టారూ! తుడవండి! పది నిమిషాలు!"

 కింద బకెట్ కదిలిన చప్పుడు. గుడ్డను రెండు వేళ్ళతో పట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని, ఆ లెక్కల మేష్టారు సున్నా నుంచి మూడు దాకా వరసగా తుడిచాడు. స్టూలు తెచ్చి గుమ్మంలో పెట్టాడు. వాచీ చూస్తూ నిలబడ్డాడు.

శుక్రవారం వీధి నుంచి పదకొండు మంది పరీక్షకొచ్చారు. ముందు మేష్టారు, వెనక ఆయన కొడుకు, కూరగాయల బండి మనిషి కూడా. ఎక్కిన వాళ్ళే తుడిచి దిగారు.

వదిన పన్నెండో రోజున కిందికి దిగింది. లిఫ్టు బాబాయి అంతకు నాలుగు రోజుల ముందే దిగాడు, స్ట్రెచరు మీద, జిప్పు సంచిలో. తోసేవాళ్ళిద్దరూ, సిస్టరూ, ఆయనా. బరువెక్కువ గంట మోగలేదు.

వాళ్ళు వెళ్ళాక సిస్టరు లిఫ్టు తుడిచి స్టూలు గుమ్మంలో పెట్టింది. పది నిమిషాలైంది. పావుగంటైంది. కింద జనం చేరారు, స్టూలు తీయడానికి ఎవరూ ముందుకు రాలేదు. తలుపు మూసుకుంటూ వచ్చి, రబ్బరు తొడిగిన ఆ పొట్టికాలిని తాకి, మర్యాదగా వెనక్కి పోయింది; మళ్ళీ వచ్చింది.