మోకాలు నేలకు ఆనేదాకా

వీణ సిటీ బస్సులో కండక్టరు. పన్నెండేళ్లుగా చాంద్రాయణగుట్ట మీదుగా తిరిగే బస్సుల్లో టికెట్లు కొడుతూ, ఫుట్‌బోర్డు మీద వేలాడే కుర్రాళ్లను ఒక్క చూపుతో లోపలికి ఎక్కించిన మనిషి. ఆమె గొంతు సవరించుకుంటే డ్రైవరు కూడా చొక్కా గుండీలు సరిచూసుకుంటాడని డిపోలో నవ్వుకుంటారు. అందుకే ఒక ఆదివారం పూజ ముగిశాక ఫాదర్ బాలశౌరి ఆమెను పిలిచి, "అమ్మా, మన పీఠబాలలను ఇకమీదట నువ్వే చూసుకోవాలి" అన్నప్పుడు గుడిలో ఎవరూ ఆశ్చర్యపోలేదు.

పీఠబాలలంటే పూజ జరిగేటప్పుడు బలిపీఠం దగ్గర నిలబడి గురువుకు సాయం చేసే పిల్లలు. కొవ్వొత్తులు పట్టుకుంటారు, గంట కొడతారు, నీళ్లూ ద్రాక్షరసమూ అందిస్తారు. ఫ్లైఓవరు దిగి లోపలి సందులోకి పోతే వచ్చే ఆ చిన్న గుడిలో అలాంటి పిల్లలు ఏడుగురున్నారు. వాళ్లకు మతపాఠాలు చెప్పే పాత ఉపదేశి బదిలీ మీద వెళ్లిపోయి ఏడాది దాటింది. అప్పటినుంచి వాళ్లను అడిగినవాళ్లు లేరు. నిలువుటంగీలు పొట్టివైపోయి కిందనుంచి జీన్సు ప్యాంట్లు కనిపించేవి. గుడిలో వాక్యం చదువుతున్నంతసేపూ ఒకడు గోళ్లు కొరికేవాడు. ఇంకొకడి బూట్లకు అడుగు వేసినప్పుడల్లా ఎర్రలైట్లు వెలిగేవి. పూజలో పంచే అప్పాన్ని భద్రపరిచే మందసం ముందు మోకాలు వంచడమంటే వాళ్ల లెక్కలో జారిపడబోయి తమాయించుకోవడమే.

"నాకు మూడు నెలలు ఇయ్యుండ్రి ఫాదర్," అంది వీణ. "జూన్‌ల అంతోనివారి పండుగ దాకా. అప్పుడు చూడుండ్రి."

మొదటి శనివారం సాయంత్రం డ్యూటీ దిగి, ఖాకీ బట్టలు మార్చుకోకుండానే గుడికి వచ్చింది. పిల్లలను వరసలో నిలబెట్టింది.

"చేతులు చూపియ్యుండ్రి. సాగర్, గోళ్లల్ల ఏంది ఆ మట్టి? పో, కడుక్కొని రా. జుట్టు దువ్వుకోవాలె, ఆడపిల్లలు జడ గట్టిగ కట్టుకోవాలె. చెప్పులు, బూట్లు బయటనే. అరచేతులు కలిపి రొమ్ము దగ్గర పెట్టుకోవాలె, కుడి బొటనవేలు ఎడమ బొటనవేలి మీదికి. కూచుంటే చేతులు మోకాళ్ల మీద. చూపు బలిపీఠం మీద. మోకాలు వంచితే నేలకు ఆనేదాకా వంచాలె. సగం దాకా వంచి లేస్తే నేనొప్పుకోను."

ఆరుగురు తలలూపారు. ఏడోది స్వీటీ. పదకొండేళ్లు. నిలబడమంటే కాలి వేళ్ల మీద ఊగుతుంది, కూర్చోమంటే బెంచీ కింద ఏముందో చూస్తుంది.

"అక్కా, చేతులు గట్లనే ఎందుకు పెట్టాలె?" అంది.

"గట్లనే పెడ్తరు."

"అదే, ఎందుకు?"

బస్సులో ఆడవాళ్ల సీట్లలోంచి లెమ్మంటే ఎందుకని అడిగేవాడికి బోర్డు చూపిస్తే సరిపోతుంది. ఇక్కడ చూపించడానికి బోర్డు లేదు. "ముందు పెట్టు, తర్వాత చెప్త," అంది. తర్వాత చెప్పలేదు.

నెల తిరిగేసరికి మార్పు కనబడింది. జీన్సులు పోయాయి, లైట్ల బూట్లు పోయాయి. ముందొకరు, వెనక ఆరుగురు జంటలుగా నడిచి వస్తుంటే వెనక బెంచీల వాళ్లు మెడలు చాచి చూశారు. గుడి పెద్ద బుచ్చయ్య, మెచ్చుకోలు అంత తొందరగా నోట రాని మనిషి, "శానా బాగుంది" అన్నాడు. వీణకు మస్తు గర్వమనిపించింది.

ఆ గర్వంతోనే ఒక ఆదివారం తప్పు చేసింది. ప్రసంగం మధ్యలో స్వీటీ నోరంతా తెరిచి ఆవులించింది. కాసేపటికి మళ్లీ. మూడోసారి ఆవులించి, తల పక్కకు వాల్చి, ఉలిక్కిపడి లేచింది. పక్కన కూర్చున్న పిల్లలు కిసుక్కున నవ్వారు. వీణ ముందు బెంచీలోంచి వేలు ఊపి, కిందికి దిగి రమ్మని సైగ చేసింది. స్వీటీ అందరూ చూస్తుండగా పీఠం మెట్లు దిగి, నిలువుటంగీతోనే అమ్మ పక్కన కూర్చుంది. పూజ అయిపోయేదాకా తలెత్తలేదు.

ఆ సాయంత్రమే స్వీటీ వాళ్లమ్మ కాశమ్మ వీణ ఇంటికి వచ్చింది. మున్సిపాలిటీలో రోడ్లు ఊడ్చే పని ఆమెది. లోపలికి రమ్మంటే రాకుండా గడప దగ్గరే నిలబడింది.

"అక్కా, లొల్లి పెట్టుకోనీకి రాలే. ఒక్క మాట చెప్పిపోదామని వచ్చిన. పొద్దుగాల నాలుగ్గొట్టంగ నేను డ్యూటీకి పోత. నేను పోంగనే చిన్నోడు లేచి ఏడుస్తడు. ఇదే వాన్ని ఎత్తుకొని తిప్పుతది, పాలు తాపుతది. ఆదివారమైనా అంతే. ఆవులించింది, తప్పే. దగ్గరికి పిలిచి రెండు మాటలు అను, నేనేమనుకోను. గని గట్ల మంది ముంగట దింపకక్కా. నేను రోడ్డు మీద ఎన్ని మాటలన్న పడ్త. దానికి గుడి ఒక్కటే గద."

"సరే కాశమ్మా, ఇగ గట్ల చెయ్య" అంది వీణ. బస్సులో ఎంతోమందిని దింపింది గానీ, దింపినందుకు ఇంతగా నొచ్చుకోవడం ఇదే మొదటిసారి. మరుసటి శనివారం స్వీటీ వస్తుందో రాదోనని గేటు వైపు చూస్తూ కూర్చుంది. స్వీటీ అందరికంటే ముందే వచ్చింది, జడ గట్టిగా కట్టుకుని.

మే నెలలో కొత్త అంగీలు కుట్టించాల్సి వచ్చింది. ఫాదర్ ఎర్రబట్ట తెప్పించారు. కుట్టేవాళ్లెవరని ఆలోచిస్తే వీణకు బార్కస్‌లోని అబ్దుల్ వాహెద్ గుర్తొచ్చాడు. రోజూ ఆమె బస్సు ఆయన దుకాణం ముందు నుంచే పోతుంది. మెడ నుంచి మడమ దాకా ఉండే తెల్లని అరబ్బీ తోబ్‌లు తలుపుకు వేలాడుతూ కనిపిస్తాయి. అంత పొడుగు బట్ట కుట్టడం తెలిసినవాడు ఇంకెక్కడ దొరుకుతాడు? ఏడుగురినీ వెంటబెట్టుకుని వెళ్లింది.

వాహెద్‌కు అరవై అయిదేళ్లుంటాయి. పాత అంగీని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, పక్కన పెట్టేశాడు.

"ఇది ఎవరు కుట్టిన్రు బేటీ? నిలబడ్డ మనిషికి కుట్టిన్రు. ఈ పిల్లలు గుళ్ల నిలబడే ఉంటరా?"

"లేదు చాచా. మోకాళ్ల మీద ఉంటరు, వంగుతరు, లేస్తరు."

"మరి? అట్లనే కొలవాలె. నేను తోబ్ కుట్టినా, నమాజుల వంగినట్టు సజ్దా చేయించి చూస్త. లేచెటప్పుడు అంచు కాలి కిందికి వస్తే మనిషి ముందుకు పడ్తడు." అంటూ చాప పరిచాడు. "చలో, ఒక్కొక్కరే రండ్రి. మీరు గుళ్ల ఎట్ల మోకాలు వంచుతరో అట్లనే వంచుండ్రి."

బార్కస్ వీధిలో, కుట్టుమిషన్ల మధ్య, ఏడుగురు పిల్లలూ వరసగా కుడిమోకాలు నేలకు ఆనించి లేచారు. వాహెద్ కూడా పక్కనే గొంతుక్కూర్చుని, టేపుతో మడమ దగ్గర కొలిచి, సుద్దతో గుర్తులు పెట్టుకున్నాడు. స్వీటీ వంతు వచ్చింది.

"దాదా, అంగీ గింత పొడుగు ఎందుకు?"

"పొడుగు బట్టల ఉరుకుతవా నువ్వు?"

"ఉరుకరాదు."

"అందుకే. నీ ఇష్టమొచ్చినట్టు ఉరికే జాగ కాదు గద అది. బట్టనే నీకు చెప్తది, ఆహిస్తా, మెల్లగ పో అని."

స్వీటీ ఆలోచనలో పడింది. వీణ కూడా. తాను రెండు నెలలుగా చెప్పలేకపోయిన జవాబును ఆయన టేపు మెడలో వేసుకుని రెండు మాటల్లో చెప్పేశాడు.

ఆ వారం అభ్యాసానికి పిల్లలు రాగానే వరస కట్టమనలేదు. మందసం ముందుకు తీసుకుపోయి, చుట్టూ కూర్చోబెట్టి, తానూ నేల మీద కూర్చుంది. మందసం పక్కన చిన్న ఎర్రదీపం వెలుగుతోంది.

"స్వీటీ, నువ్వొకటి అడిగినవు, నేను చెప్పలే. ఇప్పుడు చెప్త విను. ఈ మందసంల అప్పం రూపంల ఉన్నది యేసు ప్రభువు. బొమ్మ కాదు, గుర్తు కాదు, ప్రభువే. అది నమ్మినోళ్లకు చేతులెట్ల పెట్టుకోవాలెనో ఒకరు చెప్పాల్సిన పని ఉండదు, వాటంతటవే కలుస్తయి. మనసు ఇంకెక్కడికో పోయినప్పుడు చేతులు దాన్ని మళ్ల తీసుకొస్తయి. గందుకే నేర్చుకునుడు."

స్వీటీ ఊగడం ఆపి దీపం వైపే చూస్తోంది.

జూన్ పదమూడున పండుగ. మధ్యాహ్నం నుంచే వాన. అయినా జనం ఆగలేదు. అంతోనివారి పండుగకు కథోలికులే కాదు, మొక్కులున్న వాళ్లందరూ వస్తారు. పూలదండలు, కొవ్వొత్తులు పట్టుకుని, తడిసిన గొడుగులతో గుడి నిండిపోయి, వరండా నిండిపోయి, సందులోకి కూడా బారులు తీరారు. కొత్త ఎర్ర అంగీలూ వాటి మీద తెల్లని పైఅంగీలూ వేసుకుని పిల్లలు జంటలుగా నడిచి వచ్చారు. ఎవరి అంచూ ఎవరి కాలికీ తగల్లేదు. ఏడు మోకాళ్లూ ఒకేసారి నేలను తాకి లేచాయి. వీణ ముందు బెంచీలో కూర్చుని, ఇక తనకు చేసే పనేమీ లేదని నిశ్చింతగా ఊపిరి పీల్చుకుంది.

సత్ప్రసాదం పంచే వేళకు జనం కదిలారు. ఫాదర్ బాలశౌరి పక్కవరసలో బిళ్లలాంటి పలచని అప్పం పంచుతుంటే, స్వీటీ ఆయన పక్కన పళ్లెం పట్టుకుని నిలబడింది. అందుకునేవారి చేతుల కింద ఆ పళ్లెం ఉంచాలి, అప్పం జారితే అందులో పడాలి. అదే వరస పక్కనుంచి అంతోనివారి ప్రతిమ దగ్గరికి పోయేవాళ్లు తోసుకుంటున్నారు. నాగమణమ్మ అనే ముసలామె చేయి చాచింది. అప్పం అరచేతిలో పడిందో లేదో, వెనకనుంచి ఒక్క తోపు వచ్చింది. ఆమె ముందుకు తూలింది. ఆమె మోచేయి తగిలి పళ్లెం పక్కకు పోయింది. ఫాదర్ ఒక చేత్తో అప్పాల పాత్రను రొమ్ముకు హత్తుకుని, రెండో చేత్తో ఆమెను పట్టుకున్నారు. అప్పం ఎటు పోయిందో ఆయన చూడలేదు. ఎవరూ చూడలేదు.

స్వీటీ చూసింది. అది తడినేల మీద దొర్లి, కాళ్ల మధ్యకు పోయి ఆగింది. ఆమె అరవలేదు. ఉరకలేదు. రెండడుగులు వేసి, ఆ జనంలోనే రెండు మోకాళ్ల మీద కూర్చుని, అప్పానికి తగలకుండా దాని మీద ఎడమచేయి గొడుగులా పట్టింది. కుడిచేత్తో పళ్లెం రొమ్ముకు ఆనించుకుంది.

వెనకవాళ్లకు ఏం తెలుసు? తోస్తూనే ఉన్నారు. ఎవరిదో మడమ స్వీటీ వేళ్ల మీద పడింది. వీణ బెంచీలోంచి చూసింది. ఆ పిల్ల ముఖం నొప్పితో బిగుసుకుంది గానీ చెయ్యి మాత్రం తీయలేదు. వరసలు సర్దుతున్న బుచ్చయ్య గబగబా వచ్చాడు.

"ఏయ్, ఏంది బిడ్డా ఇది? లే, నడుమల అడ్డం కూచున్నవు!"

స్వీటీ తలెత్తింది. "తాతా, ఈడ ప్రభువున్నడు. జర మందిని ఆపు."

చిన్న గొంతే. కానీ తొణకని గొంతు. బుచ్చయ్య కిందికి చూశాడు. అర్థమైంది. వెంటనే వెనక్కి తిరిగి రెండు చేతులూ చాచి జనానికి అడ్డంగా నిలబడ్డాడు. వీణ కూడా లేచి వచ్చి ఆయన పక్కన నిలబడింది. బస్సులో వాడే గొంతు అవసరం రాలేదు. ముందువాళ్లు ఆగారు, వాళ్లను చూసి వెనకవాళ్లు ఆగారు. తోపులాట సద్దుమణిగి, రేకుల మీద వాన చప్పుడు ఒక్కటే మిగిలింది.

ఫాదర్ వచ్చి మోకరించారు. స్వీటీ చెయ్యి తీసింది. ఆయన అప్పాన్ని మెల్లగా తీసుకున్నారు, ఆ చోట తెల్లబట్ట పరిచారు. నాగమణమ్మ వణికిపోతుంటే, "నీ తప్పేం లేదమ్మా" అని ఆమెకు ఇంకొక అప్పం ఇచ్చారు. స్వీటీ పళ్లెం పట్టింది. వరస చివరిదాకా అలాగే పట్టింది.

పూజ ముగిశాక ఫాదర్ ఆ తెల్లబట్ట తీసి, అక్కడి నేలను నీళ్లతో కడిగారు. అంతా అయ్యాక, పూజావస్త్రాల గదిలో వీణ స్వీటీ చెయ్యి పట్టుకుని చూసింది. రెండు వేళ్లు కమిలి ఉబ్బాయి. పక్క సోడాబండి నుంచి సాగర్ ఐసుముక్క తెచ్చాడు. వీణ దాన్ని తన ఖర్చీఫులో చుట్టి వేళ్ల మీద పెట్టింది.

"స్వీటీ, ఆ దినం నిన్ను మంది ముంగట దింపిన. అట్ల చెయ్యకుండ ఉండాల్సింది. నన్ను మాఫ్ చెయ్యి."

స్వీటీ తెల్లబోయి చూసింది. "నేను నిజంగనే ఆవులించిన గదక్కా."

వీణకు నవ్వాగలేదు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. తలుపు దగ్గర కాశమ్మ చిన్నోణ్ని చంకనేసుకుని నిలబడి ఉంది. లోపలికి రమ్మంటే ఈసారి వచ్చింది.

"వచ్చే ఆదివారం ఊరేగింపుల అందరికంటే ముందు శిలువ పట్టుకొని నడవాలె, పట్టుకుంటవా?" అని అడిగింది వీణ.

స్వీటీ ఐసుముక్క కింద వేళ్లు ముడిచి, తెరిచి, మళ్లీ ముడిచి చూసుకుంది.

"ఆదివారం దాకా తగ్గుతది," అంది. "బరువుంటదా అక్కా?"

"ఉంటది."

"అయితే శనివారం ఒకసారి పట్టుకొని నడుస్త," అని, అంగీ విప్పి, మడతలు నలగకుండా కొక్కేనికి తగిలించింది.