కాన్పుల వంతు

క్రెష్‌లో పిల్లలు తగ్గారు. పిల్లలు తగ్గారని పనివాళ్లను తగ్గించారు. చివరికి నలుగురు ఆడవాళ్లు మిగిలారు. ఒకరు కాన్పు సెలవు మీద వెళితే మిగతా ముగ్గురూ ఎలాగో లాక్కొస్తారు. ఇద్దరు వెళితే నడక రాని పిల్లల గది మూసేయాలి. నిబంధన అది. అందుకని క్రెష్ నడిపే మేడమ్ ఒక పద్ధతి పెట్టింది. ఉద్యోగంలో ఎవరు ముందు చేరితే వాళ్లు ముందు కనాలి. కాగితం మీద ఎక్కడా లేదు. అందరికీ తెలుసు.

"సీసాలు కడగడానికీ వంతే, కనడానికీ వంతే," అని నవ్వుకునేవారు.

పెద్దక్క వయసులో అందరికన్నా పెద్దది. అంతకుముందు పనిచేసిన క్రెష్ మూతపడితే ఇక్కడికి వచ్చింది కాబట్టి ఆమె వంతు మూడోది. మొదటి ఇద్దరి కాన్పులూ అయ్యాయి. రెండో ఆమె సెలవు ముగించుకుని వచ్చిన రోజున మేడమ్ పెద్దక్కను పిలిచి, "ఇక కానివ్వు తల్లీ," అంది.

ఆ వారంలోనే, సీసాలు కడిగే గదిలోకి పిచ్చుక వచ్చి తలుపు వేసింది. నలుగురిలో చివర చేరిన పిల్ల. ఒకచోట నిలవదని ఆ పేరు పెట్టారు.

"అక్కా, నన్ను తిట్టు."

"ఏం పగలగొట్టావే?"

"నెల తప్పింది."

పెద్దక్క చేతిలో బ్రష్ ఆగింది.

"జాగ్రత్తగానే ఉన్నామక్కా. మా ఆయనకింకా చెప్పలేదు. నువ్వు తీయించుకోమంటే తీయించుకుంటాను."

"నోర్ముయ్." పెద్దక్క కుళాయి కట్టేసింది. "నన్నడుగుతావేంటే ఆ మాట?"

"వంతు నీదిగా."

మాటవరసకు అనలేదు. జవాబు కోసం నిలబడింది. పెద్దక్క తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని దాని తల నిమిరింది.

"కను," అంది.

మేడమ్‌కు ఇద్దరూ కలిసి చెప్పారు. పిచ్చుకను బయటికి పంపి మేడమ్ పెద్దక్కతో, "నీది పెద్ద మనసు. ఇంకో ఏడాదిన్నర ఆగితే చాలు," అంది.

"నాకు ముప్ఫైతొమ్మిది మేడమ్."

"ఈ రోజుల్లో నలభై దాటాక కనడం లేదూ?"

"డాక్టరు అలా అనలేదు."

"మరి గది మూసేయమంటావా? ఆ తల్లులంతా ఉద్యోగాలు మానుకుని ఇంట్లో కూర్చోవాలా?"

పక్కగదిలో ఎవరో పసిబిడ్డ ఏడుపు అందుకుంది. పెద్దక్క లేచి వెళ్లింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి భర్త చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. ఆమె జరిగిందంతా చెప్పింది.

"పాపం పిచ్చుక. సర్లే, ఏడాదిన్నరేగా," అన్నాడు. కాలర్ తిప్పి నొక్కుతూ సన్నగా ఈల మొదలుపెట్టాడు.

ఆమె ఆ ఈల కొంతసేపు విన్నది.

"నేను ఆగను. రేపు చెప్పేస్తాను. దాని సెలవు దానిది, నా సెలవు నాది. గది మూసుకుంటారో, ఇంకో మనిషిని పెట్టుకుంటారో వాళ్ల ఇష్టం."

ఈల ఆగింది. ఇస్త్రీపెట్టె నిలబెట్టాడు.

"నన్నడగవా?"

"నీ వంతు రానీ చూద్దాం అన్నావు. పెళ్లయినప్పటి నుంచీ అదే మాట. వచ్చింది."

"రాదనుకున్నాను. రాకపోతే బాగుండుననుకున్నాను," అన్నాడు. "నాకు పిల్లలు వద్దు. ఆ కోరిక ఎప్పుడూ లేదు. చెబితే నువ్వు బాధపడతావని..."

ఆమె కుర్చీలో కూర్చుంది. ఇన్నేళ్లూ కోపమంతా మేడమ్ మీదే పెట్టుకుంది. ఇప్పుడు దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"నాకు కావాలి," అంది.

అన్నాక తెలిసింది, ఆ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదని. క్రెష్‌లో వంతు అనేది. ఇంట్లో వచ్చే ఏడు అనేది.

అతను ప్లగ్ తీశాడు. చొక్కా సగంలో వదిలి లోపలి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు.

"నాకు కావాలి," అని ఆమె మళ్లీ అంది, ఈసారి గట్టిగా.